పక్క సీటు

దివాలి ముందు రోజు సాయంత్రం సూరత్ బమ్రోలిలో సాంచెలు ఆగాయి. అన్నీ ఒక్కసారి ఆగలేదు. ముందు వెనక గల్లీలోవి, తర్వాత నీళ్ల ట్యాంకు పక్కవి, చివరికి జమున ఇంటి గోడకు ఆనుకుని ఉన్న కార్ఖానాలోవి. ఏడాది పొడుగునా ఆ మరమగ్గాల చప్పుడులోనే తిని, పోట్లాడుకుని, నిద్రపోయే ఆ తెలుగువాళ్ల గల్లీకి సెలవుల మొదటి గంట ఎప్పుడూ వింతగానే ఉంటుంది. ఎవరింట్లోనో గిన్నె కింద పడితే అందరూ ఉలిక్కిపడతారు. అలవాటు కొద్దీ అరుస్తూ మొదలుపెట్టిన మాటను సగంలో తగ్గించి, ఒకరిని చూసి ఒకరు నవ్వుకుంటారు.

జమున భర్త రఘుపతి ఒక్కడే తగ్గించలేదు.

"ఏమే! ఆ గ్యాసునూనె డబ్బ అందుకో!" గల్లీ చివర నుంచి ఊరంతా వినేలా అరిచాడు.

జమున అరుగు మీద కూర్చుని చీరకు రాళ్లు అతికిస్తోంది. పుల్ల కొసన మైనం ముద్ద, దాని కొసన మెరిసే రాయి, చీర మీద జిగురు చుక్క. చేతిలో ఉన్న రాయిని చుక్క మీద దించి, వేలితో ఒత్తి, అప్పుడు లేచింది. కిరోసిన్ డబ్బా తీసుకుని వెళ్లేసరికి జీపు మీది ముసుగు తీసేసి ఉంది. ఆ ముసుగు కూడా ఆమె కుట్టిందే, కార్ఖానాలో పాడైపోయిన తెల్ల గుడ్డ ముక్కలన్నీ జతచేసి.

సోన్‌గఢ్ అవతల ఒక రాళ్ల క్వారీలో తుప్పు పట్టి పడి ఉన్నప్పుడు తెచ్చాడు ఆ జీపును. టెంపోలోంచి దించిన రోజు చక్రాలు కూడా లేవు. గల్లీ పిల్లలు అది జీపని నమ్మలేదు. ఆదివారాలూ పండుగలూ కరెంటు పోయిన పూటలూ అన్నీ దాని కిందే గడిపాడు రఘుపతి. కుళ్లిన అడుగు రేకు కోసేసి, పాత సాంచె పక్క పలకలు అతికాడు. తలుపుల చోట పట్టుకోవడానికి సాంచె తోలు పట్టాలు బిగించాడు. ముదురు ఆకుపచ్చ రంగు వేసి, ఆరాక నీళ్ల గరుకు కాగితంతో రుద్ది, మళ్లీ వేశాడు. ఇప్పుడది గల్లీ చివర గోడ పక్కన కొత్త పెళ్లికొడుకులా నిలబడి ఉంది. ఇంజను మాత్రం ఇంతవరకు పలకలేదు.

గ్యాసునూనెలో తడిపిన గుడ్డతో ఆఖరిసారి ఏవో తుడిచి, రఘుపతి చేతులు తొడలకు రాసుకుని సీట్లో కూర్చున్నాడు. కూతురు నీరజ ఫోను పట్టుకుని వచ్చింది. పక్కింటి దశరథం లుంగీ ఎగగట్టుకుని వచ్చాడు. మీద అంతస్తు నుంచి వెంకటవ్వ తొంగి చూసింది.

"పేలదు గద కొడుకా?" అంది వెంకటవ్వ.

ఆయనకు వినపడలేదు. తాళం తిప్పాడు. ఇంజను దగ్గి ఆగింది. మళ్లీ తిప్పాడు. మూడోసారికో నాలుగోసారికో జీపు ఒక్కసారి వణికి, బుస్సుమని నల్లటి పొగ వదిలి, అందుకుంది. పిల్లలు కేకలు పెట్టారు. దశరథం చప్పట్లు కొట్టాడు.

రఘుపతి ఇంజను వైపు చూడలేదు. జమున వైపు చూశాడు.

అది మేస్త్రీల అలవాటు; సాంచెలు బాగుచేయడమే ఆయన పని. సాంచెను బాగుచేసిన మేస్త్రీ బటన్ నొక్కాక సాంచెను చూడడు, దాన్ని నడిపే మనిషి ముఖం చూస్తాడు. ఆ చప్పుడులో మాట వినిపించదు. నడిపేవాడు గడ్డం పైకెత్తితే బాగుందని. కళ్లు గట్టిగా మూసి తెరిస్తే ఆపమని. జమున నీరజ పుట్టేదాకా అదే కార్ఖానాలో కండెలు చుట్టింది. ఆమెకూ అది ఒంట్లో కలిసిపోయిన భాషే.

"ఎట్లున్నది?" అని అరిచాడు.

ఆయన ముఖం నిండా నవ్వు. ముక్కు మీద నల్ల మరక. అలాంటి నవ్వు చూసి ఎంత కాలమైందో ఆమెకు గుర్తు రాలేదు. ఆలోచించకుండానే గడ్డం పైకెత్తింది.

ఆ తర్వాత పొగ తేలిపోయి, పిల్లల అరుపులు సద్దుమణిగి, ఇంజను ఒక్క తీరుకు వచ్చాక, ఆ హోరు అడుగున ఆమెకు ఇంకొకటి వినిపించింది. టక్. టక్. టక్. మూసిన తలుపు లోపలి నుంచి ఎవరో వేలి కణుపులతో తడుతున్నట్టు.

అప్పటికే ఆయన ముఖం తిప్పేసి దశరథాన్ని కౌగిలించుకుంటున్నాడు.

మర్నాడు దివాలి. ముగ్గులు వేసి, తలస్నానాలయ్యాక మగవాళ్లు ఒక్కొక్కరే జీపు చుట్టూ చేరారు. రఘుపతి బానెట్ మీద నిండు గ్లాసు నీళ్లు పెట్టి ఇంజను మొదలుపెట్టాడు. గ్లాసులో నీళ్లు వలయాలు తిరిగాయి గానీ ఒక్క చుక్క బయటికి ఒలకలేదు.

"సూస్తున్నరా?" అన్నాడు గర్వంగా. "సాంచె కాళ్ల కింద ఏసే రబ్బరు పట్టీలు. గవ్వే డబుల్ ఏసి దాని మీద ఇంజను కూసోవెట్టిన. ఏ గ్యారేజోడు ఏస్తడు గిట్ల? ముసలోళ్లను కూసోవెట్టుకున్నా నడుం నొయ్యది."

"షాబాష్ మేస్త్రీ," అన్నాడు దశరథం. తర్వాత పక్కకు తిరిగి, రఘుపతికి తన పెదవులు కనపడకుండా, మిగతావాళ్లతో అన్నాడు. "ఇంజన్ల గూడ ఒక సాంచె పెట్టిండే మావోడు. ఇన్నరా, ఎట్ల కొడ్తుందో. సెలవులని ఇంత నిమ్మళంగ కూసుంటే దీని పాడుగాను, ఇది షురూ జేసింది."

అందరూ నవ్వారు. వాళ్లు నవ్వుతున్నారు కాబట్టి రఘుపతీ నవ్వాడు.

జమున చాయ్ పళ్లెం పట్టుకుని అక్కడే ఉంది. చాయ్ ఇస్తూ దశరథాన్ని కళ్లతోనే ఇంటి పక్కకు పిలిచింది.

"నీకు గంత ఇనవడ్తే నువ్వే చెప్పరాదా అన్న?"

"నేనెట్ల చెప్త వదినె?" దశరథం నవ్వు ఆపేశాడు. "ముప్ఫై ఏండ్ల సంది మేస్త్రీ ఆయన. నా సాంచె ఆగితే ఆయన్ని పిలిచేటోణ్ణి నేను. ఆయన చేసినదాన్ల తప్పున్నదని చెప్పాల్నా? అసలు ఏమని చెప్పాలె? చప్పుడొస్తున్నదంటే, ఏ చప్పుడు అంటడు. అప్పుడేమనాలె?" తన చెవి వైపు వేలు చూపించబోయి, సగంలో ఆపి, చెయ్యి దించేశాడు. "మా అందరికీ అంతే గద. ఆయనకు జర ముందుగాల అయింది."

గల్లీ అంతా అంతే. అరవై దాటిన ఏ సాంచె మనిషికీ చెవులు సరిగా ఉండవు. కార్ఖానా చప్పుడులో చేతులతో మాట్లాడుకునే వాళ్లు ఇంటికొచ్చి కూడా చేతులతోనే మాట్లాడుకుంటారు. అన్నానికి ఒక సైగ, చాయ్‌కి ఒక సైగ, బయటికి పోతున్నానని ఒక సైగ. అందుకే ఎవరి చెవులు ఎప్పుడు పోయాయో ఇంట్లోవాళ్లకు కూడా తెలియదు. రఘుపతికి యాభై రెండే. ఆయన ఫోనులన్నీ జమునే మాట్లాడుతుంది. 'మాట్లాడుడు నాకు చాతకాదు, నువ్వే మాట్లాడు' అని ఆయన ఫోను ఆమె చేతిలో పెట్టడం ఎప్పుడు మొదలైందో ఆమె లెక్క పెట్టుకోలేదు.

"ఇంకొకటి వదినె," దశరథం చాయ్ గ్లాసు చుట్టూ వేళ్లు తిప్పాడు. "సెలవులైనంక మన సాంచెలు తుక్కుకేనట. సేట్ నీళ్ల జోరుతోని నేసే మగ్గాలు తెస్తుండు. వాటికి మేస్త్రీలు కంపెనీ నుంచే వస్తరట, కంప్యూటర్ చూసేటోళ్లు. నేనంటే యాడన్న పడ్త. మేస్త్రీని యాడ పెట్టుకుంటరు? భేస్తాన్ గ్యారేజి సంగతి జర పక్కా చేసుకోండ్రి."

భేస్తాన్ గ్యారేజి జయంతిభాయిది. ఫామ్‌హౌసులున్న పెద్దోళ్లకు పాత జీపులు కొత్తగా చేసిపెట్టడం ఆయన పని. నెల కింద ఎవరింటికో వస్తూ గల్లీలో ఈ జీపు చూసి ఆగాడు. రేకు అతుకులు వేళ్లతో తడిమి చూసి, ఆగి మళ్లీ తడిమాడు. 'లాభ్ పాంచమ్ నాడు గ్యారేజి తెరుస్త. ఆ రోజు దీన్ని నడిపించుకుంట తీసుకురా కాకా. తెస్తే ఆ రోజు సంది నా దగ్గరే పని' అన్నాడు హిందీలో. లాభ్ పాంచమ్ అంటే దివాలి తర్వాత ఐదో రోజు, సూరత్ దుకాణాలన్నీ మళ్లీ తలుపులు తీసే రోజు. రఘుపతి ఆ రోజు నుంచి పండుగ కోసం ఎదురుచూసే పిల్లాడిలా ఉన్నాడు.

దివాలి మర్నాడు, గుజరాతీల కొత్త సంవత్సరం రోజు పొద్దున్నే రఘుపతి జీపులో తన పక్క సీటుకు కొత్త బట్ట బిగించాడు. లోపల పత్తి కూరి, అంచులకు మేకులు కొట్టి, అరచేత్తో ఒత్తి చూశాడు. తర్వాత ఇంటి ముందుకొచ్చి జమునకు సైగ చేశాడు. రా. కూర్చో.

"నేనెందుకు?" అంది ఆమె. "వంట కాలే."

"నువ్వు కూసుంటెనే నడుపుత."

వాకిట్లో పళ్లు తోముకుంటున్న నీరజ నురగ నోటితోనే నవ్వింది. జమునకు ముఖం వేడెక్కింది. లోపలికి వెళ్లి చీర మార్చుకుంది. అద్దం ముందు ఆగి, కాస్త పౌడరు కూడా అద్దుకుంది.

కాలువ పక్క రోడ్డు ఖాళీగా ఉంది. మూసిన కార్ఖానాల షట్టర్లకు పసుపు బొట్లు, మామిడాకులు. రఘుపతి మెల్లగా నడిపాడు. ప్రతి మలుపులో, ప్రతి గుంతలో, గేరు మార్చిన ప్రతిసారీ ఆమె ముఖం వైపు చూశాడు.

"ఎట్లున్నది?"

టక్. టక్. టక్. ఆమె గడ్డం పైకెత్తింది.

"ఇప్పుడు?"

జోరు పెంచాడు. తలుపు తట్టే చేతులు కూడా జోరందుకున్నాయి. ఆమె నవ్వి, మళ్లీ గడ్డం ఎత్తింది.

ఇరవై నాలుగేళ్ల కాపురంలో ఆయన ఇంతసేపు ఆమె ముఖం వైపు ఎప్పుడూ చూడలేదు. పెళ్లయిన కొత్తలో కార్ఖానాలో, కండెల బుట్ట మోసుకొస్తుంటే, సాంచెల వరస మధ్య నుంచి చూసేవాడు. తర్వాత పని, కరెంటు, నీళ్లు, పిల్ల చదువు. ఒకరి చేతులు ఒకరు చూసుకున్నారు తప్ప ముఖాలు చూసుకోలేదు. ఇప్పుడు రోడ్డు వదిలేసి మరీ చూస్తున్నాడు. ఒకసారి ఎదురుగా వచ్చిన సైకిలువాడు తిట్టుకుంటూ పక్కకు తప్పుకున్నాడు. జమున కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆయనా నవ్వాడు. నవ్వుతూనే ఇంకా చూస్తున్నాడు, ఆమె నవ్వు లోపల ఇంకేదో ఉందేమో వెతుకుతున్నట్టు.

చెప్పాలనే అనుకుంది. కాలువ గేటు దగ్గర బండి ఆపి, ఇంజను నడుస్తుండగానే ఆయన దిగి బానెట్ ఎత్తాడు. అరచేయి ఇంజను మీద ఆనించి, కళ్లు మూసుకుని, చాలాసేపు అలాగే నిలబడ్డాడు. సాంచెల మీద కూడా అలాగే చెయ్యి పెట్టేవాడు. ఆమె దిగి దగ్గరకు వెళ్లింది. ఆయన కళ్లు తెరిచాడు. నుదుటి మీద ముడత.

"ఎట్లున్నదే?" ఈసారి మెల్లగా అడిగాడు.

ఆ అడగడంలో ఏదో ఉంది. దాన్ని ఆమె గోము అనుకుంది. బాలేదంటే ఈ చూపు పోతుంది. బానెట్ మూతపడుతుంది, ఆయన ముఖమూ మూతపడుతుంది, మళ్లీ ఇంజను కింద ఆయన కాళ్లు మాత్రమే కనిపిస్తాయి. పైగా చప్పుడొస్తోందని చెబితే, నీకు వినపడడం లేదని కూడా చెప్పినట్టే.

"మస్తున్నది," అంది. పెదవులు స్పష్టంగా కదిపింది, ఆయన చదువుకునేలా.

ఆయన నుదుటి ముడత విప్పుకుంది.

నీరజ రింగ్ రోడ్డులో చీరల దుకాణంలో పని చేస్తుంది. సెలవుల్లో ఇంట్లోనే ఉంది. ఆ మధ్యాహ్నం వంటగదిలోకి వచ్చి ఫోను తల్లి చెవి దగ్గర పెట్టింది. ఫోనులో ఎవరిదో కారు ఇంజను. టక్. టక్. టక్.

"గిదే అవాజ్ కదమ్మా? బాపుది కూడా సేమ్. బేరింగ్ పోతే గిట్లనే వస్తదట. అట్లనే నడిపితే లోపల విరిగి ఇంజన్ ఖతం అంట. నేను సాచూ చెప్తున్న, తమాషా కాదు."

"నాకు తెల్వదా," అంది జమున, పిండి పిసుకుతూ.

"తెలిసి చెప్పలేదా? ఏందమ్మా నువ్వు? నేను చెప్త."

జమున పిండి చేతితోనే కూతురి మణికట్టు పట్టుకుంది. "చెప్పకు. లాభ్ పాంచమ్ దాక ఆగు. ఇప్పుడు ఇంజను విప్పితే ఆ దినానికి కాదు. ఆ జయంతిభాయి ఒకసారి చూసి పనిల పెట్టుకుంటే, తర్వాత ఆయన గ్యారేజిలనే బాగు చేసుకుంటడు. భేస్తాన్ ఎంత దూరం? గంతదాక పోదా?"

"పోకుంటే?"

"పోతది."

"నువ్వు బాపుకు చెవులు వినవడ్తలేవని చెప్పనీకి భయపడ్తున్నవ్," అంది నీరజ. "అందరు గట్లనే జేస్తరు. ఆయన ఎన్కనుంచి నవ్వుతరు. నువ్వు కూడ అంతే."

ఆ మాట జమునకు తగలవలసిన చోటే తగిలింది. అయినా చెయ్యి వదల్లేదు. తాను వెనక నుంచి కాదు, ఎదురుగా, ఆయన కళ్లల్లోకి చూసి నవ్వానని చెప్పాలనుకుంది. అది ఇంకా మంచిదో ఇంకా చెడ్డదో తేల్చుకోలేకపోయింది. నీరజ మణికట్టు మీద పిండి మరక నాలుగు వేళ్ల అచ్చులా మిగిలింది.

తర్వాతి రోజుల్లో రఘుపతి రోజూ జీపు తీశాడు. రోజూ జమున పక్కన కూర్చుంది. రోజూ ఆయన అడిగాడు, ఆమె గడ్డం ఎత్తింది. తట్టే చేతులు రోజురోజుకూ కాస్త గట్టిపడ్డాయి. ఆమె నవ్వు కూడా అంత గట్టిపడింది.

లాభ్ పాంచమ్ పొద్దున రఘుపతి ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. జీపుకు బంతిపూల దండ కట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. వెంకటవ్వ మీద నుంచే అక్షింతలు చల్లింది. అవి బానెట్ మీద గలగలమని పడ్డాయి.

"పైలం కొడుకా!"

"పోయొస్తం అవ్వా!" ఈసారి ఆయన ఆమె పెదవులు చూసి జవాబిచ్చాడు. నీరజ మాత్రం అరుగు మీద నిలబడి తల్లి వైపే చూసింది.

రోడ్ల మీద షాపులు తెరుచుకుంటున్నాయి. తలుపుల ముందు కొబ్బరికాయలు కొడుతున్నారు. ఉధ్నా దాటేదాకా బాగానే నడిచింది. భేస్తాన్ వైపు పోయే వంతెన మొదలు దగ్గర షేర్ ఆటోలు అడ్డం రావడంతో నెమ్మదించి, ఎత్తు ఎక్కడానికి రఘుపతి గట్టిగా తొక్కాడు.

తట్టడం ఆగి, కొట్టడం మొదలైంది. సమ్మెటతో కొడుతున్నట్టు. పక్కనున్న ఆటోవాళ్లు తలలు తిప్పి చూశారు. జమున చేతులు తోలు పట్టాను బిగించి పట్టుకున్నాయి.

రఘుపతి ఆమె వైపు చూశాడు. అడగలేదు. ఊరికే చూశాడు.

ఇంకొంచెమే, వంతెన దిగితే గ్యారేజి. ఆమె గడ్డం పైకెత్తింది.

ఆయన మళ్లీ తొక్కాడు. ఇంజను లోపల ఏదో విరిగింది. ఆ దెబ్బ ఆయనకూ వినపడింది. భుజాలు ఎగిరిపడ్డాయి. జీపు ఒక్క ఊపుతో ఆగి, వెనక్కి జారబోతే ఆయన బ్రేకు తొక్కి పట్టాడు. కింద నుంచి నల్లటి నూనె వంతెన వాలు వెంట పాములా పారింది. దండలోంచి రాలిన బంతిపూలు దాంట్లో తడిసి నల్లబడ్డాయి.

ఇద్దరు ఆటోవాళ్లు దిగి జీపును పక్కకు నెట్టి, చక్రాల కింద రాళ్లు పెట్టి వెళ్లారు. రఘుపతి ఫోను తీసి జమున చేతికిచ్చాడు. ఆమె జయంతిభాయికి చెప్పింది. కాసేపటికి ఆయన మోటారుసైకిల్ మీద వచ్చాడు. నుదుటన పూజ బొట్టు ఇంకా ఆరలేదు. గొంతుక్కూర్చుని ఇంజను పక్కనుంచి చూశాడు. ఇనుప గోడకు అరచేయంత కన్నం. దాంట్లోంచి విరిగిన కడ్డీ కొస బయటికి తొంగి చూస్తోంది.

జయంతిభాయి నాలుక చప్పరించాడు. లేచి, ఎదురుగా నిలబడి, హిందీలో అడిగాడు. "కాకా, యే ఆజ్ కా నహీ హై. కిత్‌నే దిన్ సే ఖట్‌ఖటా రహా థా?"

ఇది ఇవాళ్టిది కాదని, ఎన్ని రోజులుగా కొట్టుకుంటోందని. రఘుపతి ఆయన పెదవులనే చూశాడు. మెల్లగా జమున వైపు తిరిగాడు.

"ఎప్పటి సంది?"

ఆమె కొంగు కొస వేలికి చుట్టుకుంటోంది.

"జమునా. ఎప్పటి సంది ఇనవడ్తుంది?"

"మొదటి రోజు సంది," అంది. ఆయనకు అందేలా పెదవులు కదిలాయో లేదోనని, వేళ్లు మడిచి గాలిలో తలుపు తట్టినట్టు తట్టి చూపించింది.

ఆయన ఆ చేతిని చూశాడు.

"నీకు బాధయితదని..." అంది. "నీకు తెలిస్తే..."

"నాకు ఇనవడదని నాకు ఎరుక లేదనుకున్నవా?"

ఎప్పుడూ అరిచే మనిషి అంత చిన్న గొంతుతో మాట్లాడాడు. జమున ముందుకు వంగి వినాల్సి వచ్చింది.

"మస్తు ఏండ్లాయె. సాంచెలకు చెయ్యి పెడ్తె తెలిసేది, పని నడిచింది. దీనికి తెలుస్తలేదు. ఆ రబ్బరు పట్టీలు మందమయినయి, చేతికి ఏం అందుతలేదు. కాలువ కాడ అవి తీసేద్దామనుకున్న. మల్ల, పక్కన జమున కూసున్నది గద అనుకున్న." ఊపిరి తీసుకున్నాడు. "రోడ్డు గూడ సూడలే నేను. నీ ముఖమే సూసిన."

జమునకు కాలువ పక్క రోడ్డు గుర్తొచ్చింది. మార్చుకున్న చీర. అద్దుకున్న పౌడరు. ఆ చూపు ఆమెను చూడలేదు. సాంచె నడిపే మనిషి ముఖాన్ని మేస్త్రీ చూసే చూపు అది. ఆమె ప్రతిసారీ గడ్డం ఎత్తింది.

జయంతిభాయికి తెలుగు రాదు. కానీ ఏదో అర్థమైనట్టు కాసేపు వంతెన కింది రైలు పట్టాల వైపు చూస్తూ నిలబడ్డాడు. తర్వాత రేకు అతుకుల మీద చెయ్యి వేసి, పని మాత్రం చాలా బాగుందన్నాడు. వెళ్లబోతూ ఆగి, మీకు వినపడలేదా అని మెల్లగా అడిగాడు.

"ఆప్‌కో సునాయీ నహీ దియా, కాకా?"

"నహీ," అన్నాడు రఘుపతి. "సునాయీ నహీ దేతా."

వినపడదని. ఒక కొత్త మనిషితో ఆ మాట అనడం అదే మొదటిసారి. జయంతిభాయి తలూపాడు. భుజం తట్టి, మోటారుసైకిల్ ఎక్కి వెళ్లిపోయాడు. మళ్లీ రమ్మనలేదు.

మధ్యాహ్నం దాటాక దశరథం టెంపో తీసుకొచ్చాడు. తాడు కట్టి లాగే బండికి బ్రేకు వేసే మనిషి కావాలి కాబట్టి రఘుపతి జీపులోనే కూర్చున్నాడు. జమునను ఎక్కమనలేదు, వద్దనలేదు. ఆమె పక్క సీట్లో కూర్చుంది. పత్తి కూరిన కొత్త సీటు మెత్తగా దిగింది. ఇంజను ఆగిన జీపు చప్పుడే లేకుండా ఊరంతా తిరిగి వెనక్కి వచ్చింది. ప్రతి మలుపులో ఆయన ముందున్న తాడునే చూశాడు. తాడు వదులైతే బ్రేకు, బిగిస్తే వదలడం. అంతే.

గల్లీ మలుపు తిరుగుతుండగానే సాంచెలు వినిపించాయి. ముహూర్తానికి ఆ పూట నడుపుతున్నారు. గోడ పక్క కార్ఖానాలో కూడా. తుక్కుకు పోయేముందు ఉన్న దారమంతా నేసేయాలట.

టెంపో వెళ్లాక రఘుపతి జీపు మీద ముసుగు కప్పాడు. నాలుగు మూలలా తాళ్లు బిగించి కట్టాడు. ఇంటికొచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నీరజ లోపల్నుంచి ఏదో అంటోంది. ఆ చప్పుడులో జమునకు కూడా వినపడలేదు.

ఆమె ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది. బొటనవేలు నోటి వైపు వంచి చాయ్ సైగ చేసింది. తర్వాత ముఖం వంచి, ఆయన కళ్లు వెతుక్కుంటూ, "ఇగో," అంది. ఇంకేమనాలో తెలియక మళ్లీ, "ఇగో," అంది.

ఆయన ఆమె చేతిని చూశాడు. చాయ్ కావాలన్నట్టు తలూపాడు. చూపు చేతి దగ్గర నుంచి పైకి రాలేదు.